ఆగమన్నా ఆగని ఫోను

పోయిన నెల చొప్పదండిలో మా ఎదురింటి పెద్దమ్మ కాలం చేసింది. సాగనంపడానికి వచ్చిన వాళ్లు ఆమె మంచితనం చెప్పుకుంటుంటే, మధ్యలో ఒకాయన పాపం ఫోన్ల సంగతి తెలియని అమాయకురాలు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాడకట్టు మొత్తానికీ ఏళ్ల తరబడి కబుర్లు మోసిన మనిషి ఆమె. తెలియనిది ఆమెకు కాదు, నాకు.

తొంభైల్లో మా వాడకట్టులో ఫోను ఆమె ఇంట్లోనే ఉండేది, వేలు పెట్టి తిప్పే నల్ల ఫోను. దరఖాస్తుల్లో, పెళ్లి పత్రికల్లో అందరం ఆ నంబరే రాసుకుని పక్కన 'పీపీ' అని పెట్టేవాళ్లం. మీలోనూ అలా పక్కింటి ఫోను మీద బతికిన వాళ్లు ఉండే ఉంటారు. ఫోనొస్తే పెద్దమ్మ రిసీవర్ని మడిచిన తువ్వాల మీద పడుకోబెట్టి, కొంగు నడుముకు చుట్టి మనిషి కోసం బయల్దేరేది, పొయ్యి మీద చారు పొంగుతున్నా సరే. అవతలోళ్లు లైన్ల నిలబడ్డరు, మనం జర ఉరుకాలె అనేది. చెడు కబురైతే మనిషిని కూచోబెట్టి, మంచినీళ్లు తాగించి, అప్పుడు రిసీవర్ చేతికిచ్చేది.

నేను అప్పుడు హైదరాబాదు విత్తనాల కంపెనీ ఒకదానికి ఊళ్లు తిరిగి అమ్మకాలు చూసేవాణ్ని. ఆఫీసులో కొత్తగా వాయిస్ మెయిల్ పెట్టి, మాకు ఇంగ్లీషులో ఒక కాగితం పంపారు. చదవకుండానే సంతకం చేసి, పెద్దమ్మ నంబరు రాసిచ్చాను. ఎవరైనా మనకు కబురు రికార్డు చేసి పెడితే మిషనే ఫోన్ చేసి చెబుతుందని, ఒకటి నొక్కితే ఆ కబురు వినిపిస్తుందని అందులో ఉందట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ వారమంతా మెట్‌పల్లి వైపు తిరుగుతున్నాను. ఇంటికొచ్చిన ప్రతిసారీ పెద్దమ్మది ఒకటే మాట.

"ఎవలో ఇంగ్లీషు పిల్ల చేస్తున్నది బిడ్డా. నడుమ నీ పేరంటది. ఉండమ్మా, పిలుస్త అంట. నేను నీ ఇంటిదాంక పోయొచ్చెసరికి పెట్టేస్తది."

తిన్నావా అని కూడా అడిగిందట ఆ పిల్లను. అవసరమైతే మళ్లీ చేస్తుందిలే అని నవ్వేశాను.

సోమవారం కల్లా నిర్మల్లో చేరకపోతే ఉద్యోగం లేదన్నది ఆ కబురు. చేరలేదు. ఉద్యోగం పోయింది. పెద్దమ్మ చెప్పింది చెబితే, మీ వాళ్లెవరో మా మిషన్‌తో ముచ్చట పెడుతున్నారని ఆఫీసరు పగలబడి నవ్వాడు. మనిషిని పిలుచుకొచ్చేదాకా ఆగలేని దాన్ని పెట్టుకుని, ఆగమని బతిమాలిన మనిషిని చూసి నవ్వాడు! ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేదు. కానీ వాణ్ని ఒక్క మాట అనలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఇంటికొచ్చి పెద్దమ్మ మీద పడ్డాను.

"ఒకటి నొక్కుమంటె నొక్కరాదా? నీ వల్లనే నా నౌకరి పోయింది."

ఆమె "నాకెరుక లేకపాయె బిడ్డా" అంది.

నొక్కడానికి ఆ ఫోనుకు బటన్లేవి? నా కళ్ల ముందే ఉన్నా కోపంలో కనిపించలేదు. వేలితో తిప్పితే ఆ మిషన్‌కు అర్థం కాదని, ఎంత చదివినవాడైనా ఆ ఫోన్లో ఆ కబురు వినలేడని ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాకైనా వెళ్లి తప్పు నాదని చెప్పానా? సిగ్గుతో వాయిదా వేశాను. చెప్పుకుందామంటే ఇప్పుడు ఆమె లేదు.

దినాల నాడు ఆమె కోడలు ఒక సంగతి చెప్పింది. నేను తిట్టిన రోజు నుంచి, ఆ నల్ల ఫోను ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ ఎవరి ఫోనొచ్చినా హలో అనకముందే ఒకటి తిప్పేదట.

"ఇంకొకల నౌకరి పోవద్దని" అంది కోడలు.

అప్పట్లో ఆ ఉద్యోగం పోయాక నాకు ఆదిలాబాద్‌లో వేరే పని దొరికింది. అక్కణ్నుంచి ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ముందు చెవిలో టక్కున ఒక చప్పుడు, ఆ వెనకే పెద్దమ్మ గొంతు. పాడు లైను, ఎప్పుడు బాగుపడుతుందో అని ప్రతిసారీ తిట్టుకున్నాను.