మంత్రసాని సాక్ష్యం

మీ అమ్మ ఈ దేశంలోనే పుట్టిందని చెప్పే కాగితం మీ దగ్గర ఉందా?

మొన్న సూళ్లూరుపేట గ్రంథాలయంలో పౌరసత్వంపై చర్చ పెట్టుకున్నాం. ఒక పెద్దరైతు బల్ల గుద్దాడు. "ఈడ పుడితే చాలదు. అమ్మానాన్నల కాగితాలు చూపించాల. చట్టం మార్చినారు గదా!"

ఆయన చూపంతా నా పక్కనున్న ముస్లిం దర్జీ మీదే.

"మా అమ్మ ఇంట్లోనే పుట్టిందన్నా. ఎవరు రాసినారు?" అన్నాడు దర్జీ.

"కాగితం లేకుంటే నువ్వు పౌరుడివే కాదు."

నాకు ఒళ్లు మండింది. "మరి మీ అమ్మ కాగితమేదీ?" అన్నాను.

"మా అమ్మకెందుకయ్యా? ఆమె పుట్టినప్పుడు మంత్రసాని పురుడు పోసింది, ఊరంతా ఎరుగుదురు."

"ఆ మంత్రసాని మా అవ్వే కదన్నా," అన్నాడు దర్జీ.

రైతు కాదనలేదు, క్షమాపణా అడగలేదు. "చట్టం చట్టమే" అంటూ కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

రాజ్యాంగం మనుషులందరినీ సమానంగా చూడమంది. ఆ మాటను పక్కనపెట్టి పౌరసత్వ చట్టాన్ని చదవడం చదువు కాదు, దౌర్జన్యం. ఒకరికి ఊరిమాట చాలి, మరొకరికి కాగితం కావాలా?

మీ ఊళ్లో ఎవరైనా పొరుగువాణ్ణి కాగితం అడిగితే నోరు మూసుకుని కూర్చోకండి. లేచి, ముందు ఆ అడిగినవాళ్లనే తమ అమ్మ కాగితం చూపించమనండి.