ఆ ఫోటో తీసిందెవరు

ఢిల్లీ ద్వారకలో మా హాలు గోడకి ఐదారు వందల ఏళ్ల నాటి ఇటలీ స్త్రీ బొమ్మ ఉంది. అసలుది కాదు, పాత పుస్తకాల బజారులో కొన్న ప్రింటు. ఆ స్త్రీ ఎవరో తెలియదు. వేసిందెవరో కూడా తేలలేదు. గురువని కొందరు, కాదు శిష్యుడని కొందరు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ టీ వచ్చేలోగా ఈ సంగతి చెప్పేవాణ్ణి. ముఖం చూసి మోసపోకూడదు, చెవులూ గోళ్లూ చూడాలి, చేతి అలవాటు అక్కడే బయటపడుతుంది అనేవాణ్ణి. "ముందు పకోడీ సంగతి చూడండి, చల్లారిపోతోంది" అనేది మా ఆవిడ.

మా ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఫోటో పెద్దది చేయించాలి. తను ఒక్కతే ఉన్న మంచి ఫోటో ఒకటే దొరికింది. లోదీ గార్డెన్‌లో, పగలబడి నవ్వుతూ. నేనే తీశానని అందరికీ చెప్పాను, నమ్మే చెప్పాను. ఆ నవ్వు నన్ను చూసి నవ్విందే కావాలి నాకు.

కంటోన్మెంట్ నుంచి వచ్చిన మరదలు ఫోటో చూసి, "బావగారూ, ఇది మా ఆయన తీసింది కదా" అంది.

"కాదమ్మా, నేనే."

"పాపా, ఆప్‌కీ ఉంగ్లీ కహాఁ హై?" అంది మా అమ్మాయి.

నిజమే, నా వేలు లేదు. నేను తీసిన ప్రతి ఫోటోలోనూ మూలన నా వేలు పడుతుంది, వెనక కట్టడాలు ఒరుగుతాయి. ఇందులో గుమ్మటం నిటారుగా నిలబడి ఉంది. మరదలి మొగుడు, ఆ మిలిటరీవాడి చెయ్యి. ఇన్నేళ్లు నేను బోధించిన పద్ధతితోనే నా కూతురు నన్ను కొట్టిపారేసింది. పోనీ శిష్యుడి పని అందామంటే, తోడల్లుడు నా మాట ఎప్పుడూ విన్నవాడు కాడు.

భోజనాల దగ్గర తల వంచుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"అలిగారా?" అంది మరదలు పప్పు వడ్డిస్తూ. "మా ఆయన పక్కనే మీరు నిలబడి, వెలుగు ఎటునుంచి పడాలో క్లాసు పీకారు, గుర్తులేదా? అక్క నవ్వింది అందుకే. కెమెరాకేసి చూస్తోందేమో చూడండి."

చూశాను. చూపు కెమెరాకి కాస్త పక్కగా ఉంది. వేలు వెతికాం, గుమ్మటం కొలిచాం, కళ్లు మాత్రం చూడలేదు.

మర్నాడు స్టూడియో ఆయన ఫోటోని తెరమీద పెద్దది చేశాడు. "అంకుల్, ఆంటీ కెమెరాలోకి చూడట్లేదు. కళ్లు ఇటు తిప్పేస్తాను, చిటికెలో పని" అన్నాడు హిందీలో.

"వద్దు భయ్యా, ఆంటీ సరిగ్గానే చూస్తోంది" అన్నాను.