అందరికంటే మెల్లగా నడిచే కాలు

మాస్టరు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను కాలేజీ ల్యాబులో పిల్లల హాజరు తీసుకుంటున్నాను. ఫోన్ చేసింది మా బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించే అన్న. "చెల్లె, మాస్టర్ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి జర ఒరిగిండు, మళ్ల లేవలే. కోటు ఏస్కొని రా" అన్నాడు. ఎర్ర కోటు మా బ్యాండు యూనిఫాం. శేరిగూడలో ఇంటికి పోయి కోటు వేసుకుని, క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఇబ్రహీంపట్నం ఆటో ఎక్కాను. ఎదుటి సీటు ఆమె "పెండ్లి ఏడ బిడ్డా?" అని అడిగింది. పెండ్లి కాదని తల అడ్డంగా ఊపాను. మాస్టరే ఉంటే ఆయనా అన్నలాగే కోటు వేసుకుని రమ్మనేవారు. ఆయన దగ్గర ముందు కోటు, తర్వాతే కన్నీళ్లు.

సాగర్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో ఒక షట్టరు గది, దాని వెనకే ఆయన ఇల్లు. బడంగ్‌పేట్ కాలనీల పెండ్లిళ్లకు, బొంగులూరు దగ్గర వెంచర్ల ప్రారంభాలకు, చుట్టుపక్కల చావులకు, మా చర్చి క్రిస్మస్ ఊరేగింపుకు ఆ షట్టరు నుంచే బ్యాండు బయల్దేరేది. ఆయన సాక్సాఫోన్ వాయించేవారు. నేను ఇంటర్ చదివేటప్పుడు చర్చి వెనక బెంచీ మీద కూర్చోబెట్టి నాకు క్లారినెట్ నేర్పారు. రెండేళ్లకు బ్యాండులోకి రమ్మన్నారు. పెండ్లి బరాత్ ముందు ఆడపిల్ల బాజా ఊదడమేంటని మా చుట్టాలు ముఖం మాడ్చుకున్నారు. మాస్టరు మా ఇంటికొచ్చి చాయ్ తాగి ఒకే మాటన్నారు. "ఊదేది ఊపిరి. ఊపిరికి ఆడ, మగ ఏంది?" మా అమ్మ ఆయనకు ఇంకో కప్పు చాయ్ పోసింది.

ఆయన్ని దేవుణ్ణి చేసి రాస్తే ఆయనే నవ్వుతారు. మహా మొండివారు. సాక్సాఫోన్ మూతికి బిగించే రీడ్ అనే సన్న బద్దను తడపడానికి నోట్లో పెట్టుకుని, దాన్ని తీయకుండానే మాకు ఏ పాట తర్వాత ఏ పాటో చెప్పేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మళ్లీ అడిగితే కోపం. పెండ్లి సీజను వచ్చిందంటే ట్రంపెట్లు తోమడానికి ఇంట్లో చింతపండంతా ఎత్తుకొచ్చేవారు. "నా చారుకు లేదు గని నీ బాజాకు మస్తు చింతపండు" అని లోపల్నుంచి ఆయన భార్య గొంతు వినిపించేది. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

ఆయన పనిలో ఒక వింత ఉంది. ఊరేగింపులో బ్యాండు ముందు నడుస్తుంది, జనం వెనక వస్తారు. మాస్టరు మాత్రం మా ముందు నిలబడి, మా వైపు తిరిగి, వెనక్కి నడిచేవారు. సాక్సాఫోన్ ఊదుతూనే మా భుజాల మీదుగా జనం కాళ్లు చూసేవారు. ఎందుకని మొదటి రోజే అడిగాను. "అందరికంటె మెల్లగ నడిచేటోళ్లెవరో చూడాలె. ముసలామెనో, చంటి పిల్లను ఎత్తుకున్నామెనో. గా కాలుకు ఊదాలె. పెండ్లికొడుకు గుర్రం మీదుంటడు, ఆయనకేం ఫికర్" అన్నారు. మా ఊరేగింపులో ఎవరూ వెనకబడేవారు కాదు. మోకాళ్ల నొప్పుల నానమ్మలు కూడా మంటపం దాకా బాజా వెంటే నడిచేవారు.

వెనక్కి నడిచే మనిషికి గుంత కనిపించదు. అందుకని దారిలో గుంతో, స్పీడ్ బ్రేకరో వస్తే పెద్ద డ్రమ్ము అన్న తాళంలో లేని దెబ్బ ఒకటి అదనంగా వేసేవాడు. మాస్టరు వెనక్కి చూడకుండానే పక్కకు జరిగేవారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పడలేదు. పెండ్లివాళ్లకు ఆ దెబ్బ పాటలో భాగంగానే వినిపించేది.

బడంగ్‌పేట్‌లో ఒక పెండ్లికి కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి మా బాజా వెంట చివరి దాకా నడిచాడు. వాళ్ల చిన్న సముద్రపు ఊళ్లో ఎండాకాలం మూడు రోజులు జాజ్, బ్లూస్ సంగీతోత్సవం జరుపుతారట, మమ్మల్ని రమ్మన్నాడు. "బ్లూస్ అంటే ఏంది బిడ్డా?" అని మాస్టరు నన్నడిగారు. అమెరికాలో నల్లజాతి కూలీలు తమ దుఃఖాన్ని పాడుకున్న పాటలని, జాజ్ వాళ్లు కొందరు చావు ఊరేగింపులోనూ వాయిస్తారని చదివింది చెప్పాను. "అయితే మనకొచ్చిందే గద" అన్నారాయన. అమ్మ సముద్రం చూడలేదని ఆమెనూ వెంట తీసుకెళ్లారు.

మొదటి సాయంత్రం మా పరువు పోయింది. ఇసుక మీద కట్టిన వేదికపై కుర్చీలు వేసి, తలా ఒక మైకు పెట్టి, కదలొద్దన్నారు. పుట్టి బుద్ధెరిగి మేము కూర్చుని వాయించలేదు. మొదలుపెట్టిన నిమిషానికే పాట పరుగందుకుంది. ఒకరిని మించి ఒకరం ఉరికాం. పావుగంట రావలసిన పాట ఆరేడు నిమిషాల్లో అయిపోయింది. ముందు వరుసలో కొందరు నవ్వారు, కొందరు జాలిపడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే ఎక్కువ బాధ పెట్టాయి. దిగి వచ్చాక మాస్టరు ఇసుకలో కూలబడి, "ఈడ ఎవ్వరు నడుస్తలేరు బిడ్డా. ఎవ్వరి కాలుకు ఊదాలె?" అన్నారు.

రైలెక్కుదామన్నాడు అన్న. నేనూ అదే అన్నాను, దాచడమెందుకు. మాస్టరు వినలేదు. "పుట్టంగనే ఎవడన్న నడిచిండా? రేపు ఇంకో పాట ఉంది. వాపస్ పోయేది లేదు" అన్నారు.

మరునాడు మా వంతు వచ్చినప్పుడు ఆయన అమ్మ దగ్గరికెళ్లి, వేదిక ముందు ఈ కొస నుంచి ఆ కొసకు నడవమన్నారు. అమ్మకు మోకాళ్లు అరిగిపోయి అప్పటికే చాలా కాలమైంది. "సముద్రం సూపిస్తనని తోల్కొచ్చి బాజా ముంగట తిప్పుతవా? నేనేమన్న పెండ్లికొడుకునా?" అంది. "పెండ్లికొడుకు గుర్రం మీద కూసుంటడు. నడిచేది నువ్వే" అన్నారాయన. ఆమె గొణుక్కుంటూనే కర్ర పట్టుకుని నడిచింది. ఇసుకలో కాలు దిగబడుతోంది, తీయడానికి సమయం పడుతోంది. మేము ఆ కాలుకు వాయించాం. ఎన్నో బరాత్‌లలో విసిరేసినట్టు ఊదిన పాటలో అంత దుఃఖం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. తన వంతు కోసం కూర్చున్న గిటారు వాయించే ఆయన లేచొచ్చి మా పక్కన నిలబడ్డాడు. ఆయనకు తెలుగు రాదు. అమ్మ కాళ్లు చూపించాను. తల ఊపి మాతో కలిశాడు. మూడోసారి అమ్మ తిరిగేసరికి ఆమె వెనక యాభై మంది దాకా నడుస్తున్నారు. ఆమె వెనక్కి చూసి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత రెండు వేసవులూ పిలిచారు, వెళ్లాం. రెండోసారి అక్కడి బజారులో మాస్టరు ఆమెకు వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నారు, ఇసుకలో జారకుండా. ఆమె వాటిని ఇక్కడ ఎన్నడూ వేసుకోలేదు. కడిగి, కవరులో చుట్టి, అటక మీద పెట్టేది. అవి సముద్రానివి అనేది. ఈ ఏడు కూడా వస్తామని మాస్టరు వాళ్లకు మాటిచ్చారు. ఆ ఉత్సవం ఇంకా నెల ఉందనగా ఆయన పోయారు. ఆ మాట ఆయనతో పోయిందా, మాకు మిగిలిందా అన్నది తేలాల్సి ఉంది.

మాస్టరు అంతిమయాత్రలో చర్చి నుంచి సమాధుల దాకా బ్యాండు ముందు నడిచింది. శవపెట్టె మా వెనక, ఆ వెనక జనం. ఎవరూ చెప్పకుండానే నేను మా వాళ్ల ముందుకెళ్లి వెనక్కి తిరిగాను. నాకది అలవాటు లేదు. ఎండ మాడుస్తోంది, మోసేవాళ్లు తొందరపడుతున్నారు. "జర జల్ది నడువుర్రి" అని మాస్టరు తమ్ముడు గట్టిగా అన్నాడు. అప్పుడు అందరి వెనక, కర్ర మీద వంగి వస్తున్న అమ్మ కనిపించింది. చుట్టాలు కారెక్కమన్నా ఎక్కలేదు. నేను ఆమె కాలుకు ఊదాను. బ్యాండు నెమ్మదించింది, పెట్టె మోసేవాళ్లు నెమ్మదించక తప్పలేదు. తమ్ముడు నన్ను తిట్టే ఉంటాడు, తిట్టనీ అనుకున్నాను. సగం దారిలో తాళంలో లేని దెబ్బ ఒకటి పడింది. పక్కకు జరిగాను. నా మడమ పక్క నుంచే గుంత వెళ్లిపోయింది. అన్నేళ్లు మాస్టరు కోసం వేసిన ఆ దెబ్బను అన్న మొదటిసారి నా కోసం వేశాడు. అప్పుడు ఏడ్చాను. ఊదడం మాత్రం ఆపలేదు.

వారం గడిచాక షట్టరు దగ్గర కూర్చున్నాం. "మాస్టర్ లేకుంట గా సముద్రం కాడ ఏం కొడ్తం చెల్లె? నవ్వుతరు" అన్నాడు అన్న.

"నవ్వనియ్యి. మొదటిసారి నవ్వలేదా? వస్తున్నమని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిన."

"ఎవర్ని అడిగి చెప్పినవ్?"

"ఎవ్వర్ని అడగలే. మాటిచ్చినం, పోతున్నం."

"గదే మొండితనం" అన్నాడు అన్న. డ్రమ్ముకు గుడ్డ కప్పి ఉంటే తీశాడు.

అమ్మకు చెప్పడం అంత తేలిక కాలేదు. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. "మీరు పోర్రి. ఆయన లేని కాడ నేనెందుకు నడవాలె?" అంది. బతిమాలడం ఆమెకు నచ్చదు, నాకు చేతకాదు. కాసేపు నేనూ ఆమె పక్కన కూర్చుని బియ్యం ఏరి వచ్చేశాను.

రోజూ కాలేజీ అయ్యాక షట్టరు గదిలో కుర్చీలు వేసుకుని సాధన మొదలుపెట్టాం. మూడు సాయంత్రాలూ పాట పరుగెత్తింది. కళ్లు మూసుకుని అమ్మ నడకను తలచుకోమన్నాను. తలచుకుంటే రాలేదు. పాట మరిచిపోతే ఫికర్ లేదు, కాలు మరవకు అనేవారు మాస్టరు. మేము పాట మరవలేదు.

నాలుగో సాయంత్రం పాట మధ్యలో ఉండగా షట్టరు ముందు నుంచి అమ్మ వెళ్లింది. కుళాయికి పోతోందనుకున్నాను. చేతిలో కర్ర తప్ప బిందె లేదు. గల్లీ చివరి దాకా వెళ్లి, తిరిగి వచ్చింది. మా వైపు చూడలేదు. మళ్లీ వెళ్లింది. ఆ చివర ఆమెకు ఏ పనీ లేదు. కాళ్లకు వెనక పట్టీ చెప్పులున్నాయి. అన్న వాయించే కర్ర ఎత్తి, అలాగే పట్టుకుని, ఆమె కాలు నేలకు ఆనేదాకా ఆగి, అప్పుడు డ్రమ్ము మీద వేశాడు.