రాణి ముల్లు తీసిన బొమ్మ

మా అమ్మ జన్మలో రెండే సినిమాలు చూసింది. రెండూ ఒకటే కథ. మొదటిదానికి మాటలు లేవు, రెండోదానికి ఉన్నాయి. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఇరవై ఏళ్ళు. రెండుసార్లూ ఆమె పక్కన కూర్చున్నదాన్ని నేనే కాబట్టి ఇది నేనే రాయాలి. నేను చదివింది రెండో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మొదటిది చూసినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అప్పటికి అనకాపల్లిలో సినిమా హాలు లేదు. బెల్లం మార్కెట్టుకు అవతల ఖాళీ జాగాలో డేరా వేసి, దీపాలు పెట్టే వేళకి ఆట మొదలుపెట్టేవారు. డేరా నడిమధ్య తెల్లగుడ్డ తెర. తెరకు ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. వెనక్కి బొమ్మ దిగాలంటే గుడ్డ తడిగా ఉండాలి. అందుకని ఆటకు ముందు ఒకసారి, నడుమ ఒకసారి బిందెలతో నీళ్ళు కొట్టేవారు. ఆ నీళ్ళు మా మీదా పడేవి. మాకు అంతా ఎడమది కుడిగా కనపడేది. రాజు ఎడమచేత్తో కత్తి దూసేవాడు. నడుమ నడుమ తెరమీద పడే ఇంగ్లీషు అక్షరాలు కూడా మాకు తిరగబడే కనపడేవి. చదువొచ్చిన ఆడది ఉన్నా వాటిని చదవలేదు.

అందుకే కథ చెప్పడానికి ఒక మనిషిని పెట్టుకునేవారు. తెర పక్కన నిలబడి, రేకు గొట్టం నోటికి పెట్టుకుని, ఆ అక్షరాల్లో ఏముందో తెలుగులో చెప్పేవాడు. ఆ ఏడు ఆ మనిషి మా నాన్న. పగలు మార్కెట్టులో బెల్లం మూటల మీద ఇంగ్లీషు గుర్తులు వేసేవాడు. ఆ అక్షరాల జ్ఞానంతోనే ఈ పనికి కుదిరాడు.

అప్పటికి మేము నాన్న దగ్గర లేము. మూడు నెలల ముందు ఒక పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర అన్నం అందలేదని, వడ్డిస్తున్న అమ్మను పదిమంది ముందు "గొడ్డుకున్న గ్యానం నేదు దీనికి" అన్నాడు. అమ్మ గరిటె కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని, తిన్నగా గవరపాలెంలో తన అన్న ఇంటికి వచ్చేసింది. మా ఇల్లు అక్కడికి పిలిస్తే పలికేంత దూరం. ఆయన రాలేదు. ఈవిడ వెళ్ళలేదు.

మా అత్త, అంటే మేనమామ భార్య, బలవంతం చేసి అమ్మను డేరాకి తీసుకెళ్ళింది. కథ చెప్పేది నాన్నేనని అమ్మకు తెలుసు. తెర వెనక ఎవరున్నదీ ఆయనకు కనపడదు కదా అని వచ్చింది.

కథ ఇది. ఒక రాజు, రాణి. రాణి పుట్టింటివారికి కోట రహస్యాలు చేరవేస్తోందని రాజు నిండు సభలో నింద వేసి వెళ్ళగొడతాడు. ఆమె కుమ్మరివాళ్ళ దగ్గర చేరి మట్టి తొక్కుకుంటూ బతుకుతుంది. కొన్నాళ్ళకి నింద అబద్ధమని రాజుకు తెలుస్తుంది. వెతుక్కుంటూ కుమ్మరి గుడిసెకు వస్తాడు. అక్కడ నాన్న గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"రాజు నడిసొచ్చేడు. కాలికి సెప్పుల్నేవు. ముల్లిరిగింది. ఏటంతన్నాడూ? తప్పు నాది. నలుగురి ముందరా అన్నాను, నలుగురి ముందరే ఒప్పుకుంతన్నాను. నువ్వొత్తే ఎల్దాం. రానంతే నానూ ఇక్కడే మట్టి తొక్కుతాను. రాణి మాటాడనేదు. వొంగింది. ఆయన కాల్లో ముల్లు తీసింది."

తెరమీద రాణి వంగడం నేను చూశాను. తడిగుడ్డ మీద అంతా మసక. ముల్లు కనపడిందని ప్రమాణం చేయమంటే అప్పుడైతే చేసేదాన్ని.

మర్నాడు పొద్దున్న నాన్న వచ్చి మేనమామ అరుగు ముందు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వానా లేదు, ఎండా లేదు. ఒక్క మాట అనలేదు. అమ్మ రెండు చీరలు మూటగట్టుకుని, నన్ను తీసుకుని ఆయన వెనక నడిచింది. ఆ మరుసటేడు నా చెల్లెలు పుట్టింది.

ముల్లు కథ మా ఇంట్లో అన్నంతోపాటు పెట్టేది అమ్మ. చెల్లెలికి అది సినిమా అన్న సంగతి కూడా చాలాకాలం తెలియదు. కానీ కథ చివర అమ్మ ఎప్పుడూ ఒక మాట కలిపేది. "ఎవుడో రాసిన ముక్క గొట్టంలోంచి సదివేడు గానీ, ఈ మారాజు సొంత నోట్లోంచి ఒక్కనాడూ రానేదు." నాన్న ముందే అనేది. ఆయన విననట్టు చుట్ట వెలిగించుకునేవాడు. ఆ మాట పడుతూనే పోయాడు.

నాన్న పోయిన మూడో ఏడు, యుద్ధం ఆగినా రేషను మీద ఇచ్చే కంట్రోలు చీరలు ఆగని రోజుల్లో, చెల్లెలు పుట్టింటికి వచ్చేసింది. దాన్ని బుచ్చయ్యపేట దగ్గర చెరుకు రైతుల ఇంట ఇచ్చాము. గానుగాడే రోజుల్లో రెండు బెల్లం దిమ్మలు కనపడలేదు. పుట్టింటికి పంపిందని దాని అత్త అంది. గానుగ దగ్గర కూలీలందరూ ఉండగా మొగుడు దాన్ని "దొంగ" అన్నాడు. వారం తిరక్కుండా ఆ దిమ్మలు గడ్డివాములో దొరికాయి. ఎలుకలు సగం కొరికేశాయి. దొరికిన సంగతి కబురొచ్చింది గాని అన్నవాడు రాలేదు. అతని చిన్నాన్న రెండుసార్లు బండి కట్టుకుని వచ్చాడు.

"అయిందేదో అయిపోయింది వదినా. కోడలు గుంటని పంపు."

"అన్నోడు నువ్వా, బాబూ?"

"కాదు."

"మరి నువ్వొచ్చేవేటి? ఆణ్ణి రమ్మను. తప్పు నాదనమను. రాజంతోడే అన్నాడు, ఆడికేటి?"

అమ్మ బలమంతా ఆ రాజే. దానికి తగ్గట్టు ఆ నెలలోనే అదే కథ మాటల సినిమాగా తీశారని, ఊళ్ళో హాలుకి వచ్చిందని తెలిసింది. పాత బొమ్మనే కొత్తగా తీశారట. అమ్మ నన్నూ చెల్లెలినీ బయల్దేరమంది. పైగా ఆ చిన్నాన్న మూడోసారి వచ్చి ఉంటే అతన్ని కూడా రమ్మంది. "కల్లతో సూడు. సూసి ఆడికి సెప్పు." నాకు అది దండగ అనిపించింది. వేయించిన సెనగలు ఇంటినుంచే కొంగున కట్టుకుని వెళ్ళాను.

మ్యాట్నీ. ఆడవాళ్ళకు బెంచీలు. ఈసారి తెరకు ముందే కూర్చున్నాం, రాజు కుడిచేత్తోనే కత్తి దూశాడు. దానికే అమ్మకు చిరాకు వేసింది. కొత్తదానిలో అంతా ఎక్కువే. కోట పెద్దది, నగలు ఎక్కువ, పాటలు లెక్కలేవు. రాణి మట్టి తొక్కుతూ కూడా పాట పాడింది, పాదానికి మట్టి అంటలేదు. పాత రాణి మోకాళ్ళ దాకా మట్టిలో ఉండేది. పాత రాణి నాన్న గొంతుతో మా వీధి మాట మాట్లాడేది. ఈవిడ నాథా, ప్రాణేశ్వరా అంటుంటే సగం మాకు తెలియలేదు. అయినా అమ్మ ఓర్చుకుంది. గుడిసె కోసం ఎదురు చూసింది.

గుడిసె వచ్చింది. రాజు గుర్రం దిగాడు. కాళ్ళకు బంగారు చెప్పులు. "దేవీ, నిన్ను క్షమించితిని. పల్లకీ నెక్కుము" అన్నాడు. రాణి ఏడుస్తూ వంగి అతని పాదాలు కళ్ళకద్దుకుంది. సన్నాయి మోగింది.

"ముల్లేదీ?" అంది అమ్మ. గట్టిగానే అంది.

ముందు బెంచీ ఆమె వెనక్కి తిరిగింది. "ఏటి మామ్మా, ముల్లేటి?"

"కాల్లో ముల్లు. తీత్తాది కదా."

"ముల్లూ నేదు, మేకూ నేదు. మొగుడి కాల్లకి దండమెడతంది. కల్లు కనపడవేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. "మార్సేసేరు. కతంతా పాడుసేసేరు" అంటూనే ఉంది, దీపాలు వెలిగేదాకా.

బయట చిన్నాన్న మమ్మల్ని వెక్కిరించలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. నెమ్మదిగానే అన్నాడు. "సూసేవు కదా వదినా. తప్పు ఆయనదే, అయినా ఆవిడే వొంగింది. లోకమంతా అంతే. లక్ష్మివారం బండి తెత్తాను. తయారుగుండండి."

మా చెల్లెలు ఆ రాత్రి నాతో, "అప్పా, నానెల్లిపోతాను. అమ్మ నా మూలంగా హాల్లో నవ్వులపాలైపోయింది. ఇంకెందుకు?" అంది. రెండు కంట్రోలు చీరలు మడతపెట్టుకుంది. వెళితే దొంగ అనే ఆ పేరు నెత్తిన పెట్టుకునే వెళ్ళాలి, జీవితమంతా మోయాలి. అది దానికీ తెలుసు, మాకూ తెలుసు.

బుధవారం నేను ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించడానికి సాయిబు దుకాణానికి వెళ్ళాను. ముసలాయన. ఒకప్పుడు ఆ డేరాలో సినిమా మిషను చెయ్యి తిప్పింది ఆయనే. నీళ్ళు కొట్టించిందీ ఆయనే. తిత్తి ఊదుతుంటే ఊరికే కూర్చోలేక కొత్త సినిమాని తిట్టాను. రాజు చేత తప్పు ఒప్పించలేదు, ముల్లు తీయించలేదు, పాత బొమ్మని పాడు చేశారు అన్నాను.

ఆయన తిత్తి ఆపేశాడు. "పాత బొమ్మలోనూ ముల్లు నేదు బేటీ."

"నాను సూసేను, తాతా."

"నువ్వు ఇన్నావు. సూడనేదు. ఆ బొమ్మ మన ఊళ్ళో తొమ్మిది దినాలాడింది. నాను తొమ్మిది దినాలూ మిషను తిప్పేను. ఎనిమిది దినాలు మీ నాయిన 'క్షమించేనన్నాడు రాజు, కాల్ల మీద పడింది రాణి' అని అక్షరాల్లో ఉన్నదే సెప్పేడు. ఒక్క దినం ముల్లు సెప్పేడు."

"ఏ దినం?"

"మీయమ్మ వచ్చిన దినం. తెర తడిపించడానికి ఎనక్కెల్లినప్పుడు మిమ్మల్ని నానే సూసేను. నానే ఎల్లి మీ నాయినకి సెప్పేను. డేరా యజమాని తిట్టేడు కూడా, లేనిది కలుపుతావేటని."

గిన్నెలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. దారిలో అనుకున్నాను, చెప్పాలా వద్దా అని. చెబితే రాజు అబద్ధమవుతాడు. చెప్పకపోతే నాన్న అబద్ధమవుతాడు. నాకు దాచడం చేతకాదు. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. పక్కన చెల్లెలు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

అమ్మ ఏరడం ఆపలేదు. ఏరుతూనే అడిగింది.

"మరైతే ఆ ముక్క ఎవుడూ రాయనేదా?"

"నేదమ్మా."

"సదవనేదా?"

"నేదు. నాన్నే అన్నాడు."

చాట పక్కకి పెట్టింది. "పదిహేడేల్లు దెప్పేను ఆయన్ని. కంచం ముందు కూర్సున్నా దెప్పేను." కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న పోయిననాడు కూడా అమ్మ అలా ఏడవలేదు. మేము దగ్గరకు పోతే తోసేసింది. "ఒక్కసారి ఇటొచ్చి మొకం మీద సెప్తే ఏటైపోయేది? నాను తెరెనక, ఆయన ముందర. ఏటి ఉపకారం!"

అప్పటికి చెల్లెలు మడత పెట్టిన చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. అమ్మ వేయమనలేదు, నేనూ చెప్పలేదు.

లక్ష్మివారం చిన్నాన్న బండి తెచ్చాడు. అమ్మ అరుగు మీదకి వచ్చింది. ఈసారి రాజు ఊసు ఎత్తలేదు.

"బాబూ, మా ఆయన నాకు తప్పు సెప్పుకున్నాడు. నాకే నిన్నటిదాకా తెలీదు. మనిసి పోయేక తెలిసింది. నా కూతురికి ఆ గతి వొద్దు. ఆణ్ణి రమ్మను. నీసేత కబురొద్దు, ఆడి తల్లి నోట వొద్దు. ఎదురుగా నిలబడి దాని మొకం సూసి సెప్పమను. సెప్పలేడా, ఇది ఇక్కడే ఉంటాది. నాను ఉడకేసి పెడతాను."

ఆ మనిషి ఖాళీ బండి తోలుకుపోయాడు.

పదకొండు రోజులు ఎవరూ రాలేదు. పన్నెండో రోజు మిట్ట మధ్యాహ్నం అల్లుడు ఒక్కడూ నడిచి వచ్చాడు.

"అత్తా, దాన్నొకపాలి పిలు."

"నువ్వే పిలు. దానికి పేరుంది."

పిలిచాడు. చెల్లెలు గుమ్మంలోకి వచ్చి ఆగింది. అతను స్తంభం వంక చూస్తూ ఏదో గొణిగాడు.

"తంభానికి కాదు బాబూ" అంది అమ్మ.

అతను తల తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు దొంగవి కాదు. అన్నప్పుడు నాకు తెలీదు. తెలిసేక సిగ్గేసి రానేదు. అన్నదీ తప్పే, రానిదీ తప్పే."

చెల్లెలు అడిగింది. "మీయమ్మకి సెప్పేవా?"

"సెప్పేను. మాటాడ్డం మానేసింది."

"గానుగ కాడ ఉన్నోల్లకి?"

అతను మళ్ళీ స్తంభం వంక చూశాడు.

"ఆల్లకి సెప్పి రా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను హడలిపోయాను. ఇంత దూరం వచ్చినవాణ్ణి తిప్పి పంపుతుందా అనుకున్నాను. అమ్మ మాత్రం అల్లుడికి కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేసి అన్నం పెట్టింది. తిని వెళ్ళాడు. నాలుగో నాడు మళ్ళీ వచ్చాడు. కూలీల్లో ముగ్గురి ఇళ్ళకు వెళ్ళి చెప్పానని, మిగిలినవాళ్ళు వలస పోయారని, వచ్చాక చెబుతానని అన్నాడు. చెల్లెలు ఒప్పుకుంది. ఆ పూటే బండెక్కింది.

ఆ ఇంట్లో అది నలభై ఏళ్ళు కాపురం చేసింది. అత్త రెండేళ్ళు దానితో మాట్లాడలేదు. మంచాన పడ్డాక ఎత్తి నీళ్ళు పోసింది మాత్రం ఇదే. మిగిలిన కూలీలకు అతను చెప్పాడా అని ఒకసారి అడిగాను. "ఇద్దరికి సెప్పేడప్పా. ఒకడు వలసనుంచి మరింక రానేదు" అంది.