మరియు కుటుంబ సభ్యులు

ఈ నాలుగు ముక్కలు ఎప్పుడో రాసి ఉండవలసింది, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. రాంగోపాల్‌పేటలో ఒక బడిలో ఇరవై ఆరేళ్లు ఆయాగా పనిచేశాను, సాయంత్రం గంట కొట్టాక నల్లబల్లల మీద అక్షరాలన్నీ తడిగుడ్డతో తుడిచి ఇంటికి వచ్చేదాన్ని, వాటిలో ఒక్కటి కూడా ఏమిటో తెలియకుండానే. మా ఆయన పోయిన రెండో ఏడు, మెట్టుగూడలో మా చర్చి హాల్లో శనివారాలు పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారని తెలిసి వెళ్లాను. చదువు మీద ప్రేమతో వెళ్లానని అబద్ధం చెప్పను. వారానికి ఒక్క సాయంత్రమైనా పక్కన మనిషి కూర్చుంటే బాగుండునని వెళ్లాను. అప్పటికి నాకు అరవై ఒకటి.

ఇప్పుడు రాయడానికి కారణం రేడియో. ఇరవై ఏళ్లకు పైగా మా వంటింటి గూట్లో మోగుతున్న ఎఫ్ఎం స్టేషనులో, ఈ ఒకటో తారీఖు నుంచి మాట్లాడేవాళ్లెవరూ ఉండరని, పాట వెంట పాట కంప్యూటరే వేసుకుంటూ పోతుందని పొద్దుటిపూట వచ్చే అమ్మాయి పోయిన నెల మొదట్లో చెప్పింది. చివరి రోజు మాత్రం పాతకాలంలోలాగా శ్రోతల ఉత్తరాలు చదువుతామంది. ఆ మాట వినగానే పొయ్యి కట్టేసి అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఆ స్టేషను కొత్తగా వచ్చిన రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. గరగరలు లేకుండా, పక్కగదిలో ఎవరో పాడుతున్నట్టు పాట వినిపిస్తుంటే, మేమిద్దరం కాసేపు పెట్టెను ముట్టుకోవడానికి కూడా జంకాం. మాది గుంటూరు వైపు. ఆయన రైల్వే షెడ్డులో ఫిట్టరు, పొద్దున ఆరింటికల్లా టిఫిను డబ్బా పట్టుకుని బయలుదేరాలి, ఆ లోపల అరగంట మాకు పాటల వేళ. అప్పట్లో అన్నీ పాత సినిమా పాటలే. పాటకు ముందు, దాన్ని కోరినవాళ్ల పేర్లు ఒక నెమ్మదైన ఆడగొంతు చదివేది. కార్ఖానా నుంచి ఫలానావారు, బోయినపల్లి నుంచి ఫలానావారు అంటూ ఒక్కోసారి పాట కంటే పేర్లే ఎక్కువసేపు వచ్చేవి. మాకు అదీ బాగానే ఉండేది, ఊరంతా మాతో పాటు లేచి మొహం కడుక్కుంటున్నట్టు ఉండేది.

ఆయన పదిహేను రోజులకొక పోస్టుకార్డు రాసేవారు. మూడుసార్లో నాలుగుసార్లో చదివారు. చదివినప్పుడల్లా ఒకటే వరస, మెట్టుగూడ నుంచి ఆయన పేరు, ఆ వెనక "మరియు కుటుంబ సభ్యులు". మాకు పిల్లలు కలగలేదు, అత్తమామలు లేరు. ఆ సభ్యులందరూ నేనొక్కదాన్నే.

మొదటిసారి మురిసిపోయాను, రెండోసారి ఊరుకున్నాను, మూడోసారి చట్నీ గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టి, నా పేరు రాస్తే మీ కార్డు బరువెక్కిపోతుందా అని అడిగాను. ఆయన ఇడ్లీ తుంచుతూ, "కుటుంబం అంటే నువ్వే గదే, పైగా సభ్యులు అన్నాను, ఒక్కదానివి నలుగురి పెట్టు కాబట్టి" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రాయడం వచ్చినవాడివి కాబట్టి నీకు వేళాకోళంగా ఉంది అన్నాను. ఎన్నడూ ఆయన్ని నువ్వు అని ఎరగను, ఆ పూట నోరు జారింది. ఆయన చెయ్యి కడుక్కుని, ఈసారి కార్డులో నీ పేరే ముందు రాస్తాను, నాది రాయను, సరేనా అని డ్యూటీకి వెళ్లారు.

ఆ కార్డు రాశారో లేదో గాని, మరుసటి సోమవారం నుంచి రేడియోలో ఉత్తరాలు చదవడం ఆపేశారు. ఆ నెమ్మది గొంతు కూడా మళ్లీ వినపడలేదు. సగం హిందీ, సగం తెలుగు పాటలు వచ్చాయి, శ్రోతలు ఫోన్లు చెయ్యాలన్నారు. ప్రశ్న అడుగుతారు, జవాబు చెబితే పాట వేస్తారు. ఆయన మాట మర్చిపోలేదు. ఒక ఆదివారం వీధి చివరి ఫోను బూతుకి వెళ్లి, నన్ను రేడియో దగ్గర కూర్చోమన్నారు. నిజంగానే లైను దొరికింది. ఎక్కడి నుంచి అంకుల్ అని అడిగాడు అటువైపు అబ్బాయి. ఆయన కార్డు చదువుతున్నట్టుగా నిదానంగా, "మెట్టుగూడ నుంచి..." అని మొదలుపెట్టి, గొంతు సవరించుకున్నారు. అబ్బాయి నవ్వుతూ, "అంకుల్, జెర జల్దీ, జవాబు చెప్పుండ్రి" అన్నాడు. ఆయన జవాబు చెప్పలేదు, నా పేరు చెప్పడానికి ఊపిరి తీసుకున్నారు, ఆ ఊపిరి కూడా రేడియోలో వినిపించింది. అంతలో వాళ్లు ఆ లైను కట్ చేసి ఇంకొకరిని తీసుకున్నారు.

ఇంటికి వచ్చి, లైను పోయిందే, పాడు బూతు అన్నారు. అవునా అన్నాను. నేను అంతా విన్నానని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఆ సంగతి మళ్లీ ఎత్తుకోలేదు.

తరువాత రేడియో ఎన్ని రంగులు మార్చిందో చెప్పలేను. కొన్నాళ్లు కొత్త పాటలు తప్ప ఇంకేమీ వెయ్యలేదు, ఆ డప్పులకి గూట్లో గ్లాసులు కదిలేవి. పక్కవాటా ఆవిడ, "ఏందమ్మా గా లొల్లి, జెర తగ్గియ్యరాదు" అని గోడ తట్టేది. కొన్నాళ్లు పాటలు తగ్గించి కబుర్లు పెట్టారు, ఎవరికో ఫోన్ చేసి ఏడిపించడం, అందరూ కలిసి నవ్వడం. ఆ పైన పాత పాటలు మళ్లీ వస్తున్నాయంటే, ఆశగా పెట్టుకుని వింటే, అవి మేము కొత్త పాటలని విసుక్కున్న పాటలే. పాత అనే మాట మమ్మల్ని దాటి ముందుకు పోయింది, మా పాటలకు ఇక ఏ పేరూ లేదు. అయినా స్టేషను మార్చలేదు. ఆయన పోయాక అసలే మార్చలేదు. పొద్దున్నే రేడియోలో ఆ అమ్మాయి, "టీ అయ్యిందా సికింద్రాబాద్" అని అడిగితే, ఇంకా లేదమ్మా, పాలు పొయ్యి మీదున్నాయి అని చెప్పేదాన్ని. కొన్ని రోజులు నేను నోరు తెరిచి మాట్లాడే మాట అదొక్కటే అయ్యేది.

అందుకని, చివరి రోజు ఉత్తరాలు చదువుతారని వినగానే పోస్టాఫీసుకు వెళ్లి రెండు కార్డులు కొన్నాను, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని. చిరునామా మాత్రం చదువు చెప్పే టీచరమ్మ చేత పలికించుకుని రాశాను. మిగతాది చూపించమ్మా, తప్పులుంటే దిద్దుతాను అంటే చూపించలేదు. ఆయన ఎప్పుడూ కోరే పాటే కోరాను. మెట్టుగూడ నుంచి అని రాసి, నా పేరు రాసి, ఆయన పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు నోటితో అనలేదు. రేషన్ ఆఫీసులో అడిగితే పక్కనున్నవాళ్ల చేత చెప్పించేదాన్ని. నోటికి రాని పేరు చేతికి ఎలా వస్తుంది? చాలాసేపు కూర్చుని, చివరికి, "మరియు కుటుంబ సభ్యులు" అని రాశాను. భకు యవత్తు పెట్టి కొమ్ము ఇవ్వడం పలక మీద ఇరవై సార్లు దిద్దుకున్నాకే కార్డు మీద పెట్టాను.

చివరి రోజు తెల్లవారకముందే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చున్నాను. ఎన్నో పేర్లు వెళ్లాయి. నాది రాదనుకుంటుండగా ఆ అమ్మాయి అంది, "ఇది చేత్తో రాసిన పోస్టుకార్డండీ, ఎంత ముద్దుగా ఉందో. మెట్టుగూడ నుంచి దినమ్మ గారు, మరియు కుటుంబ సభ్యులు. దినమ్మ గారూ, ఇంటిల్లిపాదీ కూర్చుని వింటున్నారా? అందరికీ నమస్తే."

నా పేరు దీనమ్మ. గుడి పెట్టాను గానీ దీర్ఘం ఇవ్వడం మర్చిపోయాను. భ్యు తప్పుతుందేమోనని భయపడ్డాను గాని, సొంత పేరు తప్పుతుందని ఎవరనుకుంటారు? మేము కోరిన పాట వాళ్ల దగ్గర లేదట, ఇంకేదో వేశారు. అది వినపడలేదు నాకు. ఇంటిల్లిపాదీ అంటే ఇల్లంతా ఒకసారి చూశాను. ఆయన కుర్చీ మీద ఉతికిన బట్టలు మడత పెట్టకుండా ఉన్నాయి. నమస్తే అమ్మా, అందరం వింటున్నాం అన్నాను.

అంతలో పక్కవాటా ఆవిడ తలుపు తోసుకుని వచ్చేసింది. "ఏంది పెద్దమ్మా, రేడియోల నీకు దినం చేసిండ్రు గదా! బతికున్నవా లేదా అని జూడనీకి వచ్చిన" అంది. నవ్వాను, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆవిడ కూడా కూర్చుంది, టీ తాగింది, పిల్లల బడి వేళయిందని వెళ్లిపోయింది.

ఒకప్పుడు పాట వినాలంటే ఎదురుచూడాలి, కోరుకోవాలి, మన పేరు చెప్పుకోవాలి. ఇప్పుడు కోరకుండానే అన్ని పాటలూ వస్తున్నాయి, ఎవరు వింటున్నారని అడిగేవాళ్లు లేరు. తప్పుగానైనా నా పేరు పిలిచిన ఆఖరి గొంతు అదే అయింది.

మర్నాడు పొద్దున రేడియో పెట్టాను. పాట అయిపోగానే పాట, మధ్యలో ఊపిరి తీసుకునేంత సందు కూడా లేదు. టీ అయ్యిందా అని ఎవరూ అడగలేదు. రేడియో గొంతు తగ్గించి, మిగిలిన రెండో కార్డు తీసి, ముందు నా పేరు రాశాను, దీర్ఘంతో సహా. దాని కింద ఆయన పేరు రాశాను. అందులో రెండు దీర్ఘాలున్నాయి. ఒక్కటి కూడా మర్చిపోలేదు.