నాలుగు ముద్దల గోడ

టకటక మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల తెలియని తాపీవాడు లేడు. నలభై ఏళ్లు టైల్సు పరిచి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీద వేలి కణుపులతో టకటకా కొట్టి, టైలు వెనక సిమెంటు నిండుగా ఉందో లేదో విని, ఆ తర్వాతే కూర్చునేవాడు. డొల్ల మోత వినిపిస్తే చాలు, మొహం వికారంగా పెట్టేవాడు. "మూలకో ముద్ద పెట్టి అతికించేదానికి మేస్త్రి ఎందుకురా, స్టిక్కర్లు అంటించుకునేవాడు చాలు" అని శిష్యుల్ని దులిపేసేవాడు.

డెబ్బై మూడో ఏట అతని భార్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. పది రోజుల్లో స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ బిగిస్తే ఇంటికి పంపుతామని, లేకపోతే వృద్ధుల వసతి గృహంలో మంచం సిద్ధంగా ఉందని ఆసుపత్రివాళ్లు తేల్చేశారు. ఆ మంచం ఎక్కినవాళ్లు మళ్లీ ఇంటి గడప తొక్కడం మేస్త్రి చూడలేదు.

సొంత ఇంట్లోనే ఉండాలనుకునే పెద్దవాళ్లకు కడ్డీలూ, స్నానానికి స్టూలూ ఉచితంగా ఇచ్చే ఆఫీసు ఒకటుందని తెలిసి పరుగెత్తాడు. దరఖాస్తు పదకొండు పేజీలు. గుమాస్తా నాలుకతో వేలు తడుపుకుని ఆమె ఆసుపత్రి కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తుంటే మేస్త్రికి అసహ్యమేసింది. పని కావాలి కాబట్టి చూపిన చోటల్లా సంతకం పెట్టాడు.

మూడో రోజు పనివాడు వచ్చాడు. బూట్లతోనే లోపలికి నడిచాడు. ఇరవై నిమిషాల్లో నాలుగు రంధ్రాలు చేసి, కడ్డీ బిగించి, ఫోటో తీసుకున్నాడు. రాలిన దుమ్మును కాలితో మూలకి నెట్టాడు.

"అయిపోయింది పెద్దాయనా. ఇక్కడో సంతకం పెట్టండి."

అతను వీధి మలుపు తిరిగాక మేస్త్రి కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగాడు. కడ్డీ చేతిలోకి వచ్చేసింది, మూడు టైల్సుతో సహా.

"ఛీ," అన్నాడు. ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"ఫోటోలో బాగానే ఉందండీ," అంది అవతలి అధికారిణి.

"మా ఆవిడ ఫోటో పట్టుకుని స్నానం చెయ్యదమ్మా."

"సరే, పనివాడి తప్పని రాసి పంపండి. అతన్ని జాబితాలోంచి తీసేస్తాం. గోడ కూడా మేమే బాగుచేయిస్తాం."

పండగ చేసుకోవాల్సిన మాట అది. మేస్త్రి కాగితం, పెన్నూ తెచ్చుకుని, టైలు ఎలా ఊడిందో రాయడానికి దాన్ని వెనక్కి తిప్పాడు.

నాలుగు మూలలా నాలుగు ముద్దలు. మధ్యంతా ఖాళీ. ఒక ముద్ద మీద తన తాపీ గీతలు కూడా చెక్కు చెదరకుండా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ల కిందట, ఒక ఆదివారం. ఎవరింట్లోనో మిగిలిన టైల్సు. నడుము నొప్పి. మనిల్లే కదా, ఎవడొచ్చి చూస్తాడనుకుని సాయంత్రానికల్లా ముగించేశాడు. ఇప్పుడు లేచి గోడంతా కొట్టి చూశాడు. ఎక్కడ కొట్టినా అదే మోత. ఇన్నేళ్లలో సొంత గోడని ఒక్కసారీ కొట్టి చూడలేదు. ఒళ్లంతా మురికి పట్టినట్టనిపించింది.

పనివాడి తప్పని రాస్తే గోడ ఉచితం, భార్య ఇంటికి. ఆ దుమ్ము నెట్టిన కాలు గుర్తొస్తే రాసి పారేయాలనీ ఉంది. కానీ చెయ్యి కదల్లేదు. మళ్లీ ఫోన్ చేసి గోడ తప్పు తనదేనని చెప్పాడు.

"అయితే గోడ మా పథకంలోకి రాదండీ. మీరు గట్టి గోడ చూపిస్తే కడ్డీ బిగిస్తాం," అంది అధికారిణి.

మేస్త్రి ఆ పూటే, ఆఫీసు ఇచ్చిన స్టూలు మీదే కూర్చుని, ఉలీ సుత్తీ పట్టుకుని, ఆ గోడ రెండు రోజులు కొట్టాడు. రెండు రోజులు పరిచాడు, ఈసారి ప్రతి టైలు వెనకా సిమెంటు అంచులదాకా నింపి. రెండు రోజులు ఆరనిచ్చాడు. తొమ్మిదో రోజు అదే పనివాడు వచ్చి కడ్డీ బిగించాడు. ఈసారీ దుమ్ము కాలితోనే నెట్టాడు.

పదో రోజు భార్య ఇంటికొచ్చింది. మేస్త్రి ఆమెని మెల్లగా స్నానాలగదిలోకి నడిపించి, దాచుకోకుండా అంతా చెప్పాడు.

"గోడ డొల్లని నాకెప్పుడో తెలుసు. చెయ్యి ఆనిస్తే కదిలేది. అందుకే దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. పడ్డ రోజు కూడా పట్టుకోలేదు," అందామె.

"మరి నాకు చెప్పలేదేం?"

"ఊరందరి గోడలూ కొట్టి చూసే మనిషి మీరు. మనింటి గోడ కొట్టి చూడమని నేను చెప్పాలా?"

ఆమె కడ్డీ పట్టుకుని నిలబడింది. కడ్డీ కదల్లేదు. ఇన్నేళ్లూ శిష్యుల్ని తిట్టిన తిట్లన్నీ కలిపినా తనకి చాలవనిపించింది మేస్త్రికి.