మా కుసుమక్క నిద్ర

"ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు" అన్న సామెత మా అక్కను చూశాకే పుట్టి ఉంటుందని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. మా అక్క కుసుమకుమారి కూర్చున్నచోటే నిద్రపోయేది. రేపల్లెలో రైలెక్కితే భట్టిప్రోలు రాకముందే తల వాలిపోయేది. అది పక్కవాళ్ళ భుజమా, కిటికీ చువ్వా అన్న పట్టింపు లేదు. జంపని దాటాక నేను గిల్లి లేపితే, "అప్పుడే తెనాలా? ఈ బళ్ళకి మరీ తొందరండీ" అని ఎదుటి సీటు వాళ్ళతో అనేది. పెళ్ళిపీటల మీద కూడా కునికితే పురోహితుడు మంత్రం ఆపి మరీ చూశాడు. అప్పట్నుంచీ మా బావ పాండురంగారావు ఆమెను కుంభకర్ణుడి చెల్లెలా అని పిలిచేవాడు. "అంటే నేను శూర్పణఖనా?" అని అక్క పోట్లాడేది. పోట్లాడి వెళ్ళి పడుకునేది.

బావకు రేపల్లెలో టెంట్‌హౌస్ ఉంది. పెళ్ళయినా చావయినా కుర్చీలు, షామియానాలు, మైకుసెట్టు ఆయనవే. గొంతు మాత్రం మైకు కంటే పెద్దది. గురక గొంతు కంటే పెద్దది. "రాత్రి మీ ఆయన జనరేటరు వేశాడా ఏంటి కుసుమా?" అని ఎదురింటి నాగమ్మగారు దెప్పేది. ఆ జనరేటరు పక్కనే మా అక్క ఆదమరిచి నిద్రపోయేది.

పోయిన ఏడాది వానాకాలంలో బావకు జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరిస్తే ఐసీయూలో పెట్టి, నోట్లో గొట్టం వేసి వెంటిలేటరు తగిలించారు. నేను బాపట్లలో కుట్టుమిషను మూసిపెట్టి అక్కకు తోడుగా వెళ్ళాను.

ఐసీయూ బయట మనకు పేరుండదు. తలుపు సందులోంచి నర్సు తల బయటపెట్టి, "పాండురంగారావు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తుంది. మందులకో, రక్తానికో, ఇంకా దేనికో చెప్పదు. లేచి ఆ తలుపు దగ్గరికి చేరేలోపు సగం ప్రాణం పోతుంది. ఎవరి పేరు పిలిచినా బెంచీల మీదున్న అందరం లేచేవాళ్ళం. మనది కాదని తెలిశాక అమ్మయ్య అనుకుని కూర్చునేవాళ్ళం. అలా అనుకున్నందుకు, లోపలికి పోతున్న వాళ్ళ మొహం చూడలేకపోయేవాళ్ళం. ఛీ, మనిషిని ఎంత నీచానికి దించుతుందో ఆ బెంచీ!

అక్క ఆ బెంచీని వదల్లేదు. తను లేనప్పుడు పిలిస్తే ఎలా అని బాత్‌రూముకు కూడా పరుగున వెళ్ళి పరుగున వచ్చేది. ఇడ్లీ తెస్తే ఆ తలుపు వంకే చూస్తూ నమిలేది. ఒక మధ్యాహ్నం మాత్రం ఆపుకోలేక నా భుజం మీద ఒరిగిపోయింది. చూసి నా ప్రాణం లేచొచ్చింది. పోనీలే, కాసేపు పడుకోనీ అనుకున్నాను. సరిగ్గా అప్పుడే పిలిచారు. డాక్టరు బయటికొచ్చి, "ఆక్సిజన్ బాగా పడిపోయిందమ్మా. మా ప్రయత్నం మేం చేస్తున్నాం. మీవాళ్ళకు కబురు చెప్పుకోండి" అన్నాడు.

కేకకు ఉలిక్కిపడి లేచిన అక్క ఆ మాట మొత్తం వింది. నా వైపు తిరిగి, "నేను కళ్ళు మూశానే" అంది.

"దానికీ దీనికీ సంబంధం ఏంటే అక్కా?" అన్నాను. గోడకు చెప్పినట్టే అయింది.

దేవుడి దయవల్ల బావ గట్టెక్కాడు. గొట్టం తీశారు. ఇంటికి తెచ్చుకున్నాం. ఊరు ఊరంతా ఆపిల్ పళ్ళు, హార్లిక్సు సీసాలు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. బావ మంచం మీద కూర్చుని, బొంగురుపోయిన గొంతుతోనే దర్బారు నడిపాడు. "నాకేం తెలుసండీ, మందిచ్చి పడుకోబెట్టారు. మా ఆవిడ కోటా నిద్ర కూడా నేనే పోయాను" అంటే అందరూ పగలబడి నవ్వారు. అక్క వాళ్ళకు కాఫీలు అందించింది. నువ్వెలా ఉన్నావమ్మా అని ఆమెను అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. నాగమ్మగారైతే, "ఇంకేం కావాలే కుసుమా, గుండెల మీద చెయ్యేసుకుని పడుకో" అని దీవించి పోయింది.

ఆ పడుకోవడమే పోయింది మా అక్కకు. బావ భోజనం చేసి కాస్త నడుం వాలిస్తే, పక్కన స్టూలు వేసుకుని ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకు కూర్చునేది. ఆసుపత్రి నుంచి వచ్చాక బావకు గురక కూడా పోయింది. "చప్పుడుంటే ధైర్యంగా ఉండేదే. ఇప్పుడు అసలు ఊపిరే వినపడదు" అనేది. గుంటూరు తీసుకెళ్తే డాక్టరు, ఐసీయూ బయట కూర్చున్న వాళ్ళకు ఇలా అవుతుంటుందని చెప్పి, నిద్రమాత్రలు రాసిచ్చాడు. ఆ మాత్రలన్నీ మల్లెమొక్క కుండీలో దొరికాయి నాకు. ఒళ్ళు మండింది.

"నీకేమైనా పిచ్చా అక్కా? బావ గుండ్రాయిలా ఉన్నాడు కదే!"

"మాత్రేసుకుని మొద్దులా పడుంటే, అప్పుడు పిలిస్తే?"

"ఎవరు పిలుస్తారే? ఇది మనిల్లు!"

నోటికొచ్చినట్టు తిట్టి, పెరట్లోకి వెళ్ళి నేనే ఏడ్చాను. ఏం చెయ్యను? చిరిగిన గుడ్డయితే కుట్టగలను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ రేపల్లె వెళ్ళాను. వీధి గుమ్మం దాకా గురక వినిపించింది, వెనకటి జనరేటరే! సంబరంగా లోపలికి వెళ్ళాను. కింద చాప మీద అక్క కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. మంచం మీద బావ కళ్ళు తెరుచుకుని, ఫ్యాను వంక చూస్తూ గురక పెడుతున్నాడు. నన్ను చూసి కన్నుగీటి, పెదాల మీద వేలేసుకున్నాడు. మెడ నరాలు తేలుతున్నాయి. దగ్గు వస్తే దిండులో మొహం దాచుకుని దగ్గి, మళ్ళీ మొదలుపెట్టాడు. గొట్టం వేసిన గొంతు అది. ఎంత నొప్పో పాపం.

చాలాసేపటికి బావ నిజంగానే నిద్రలోకి జారాడు. నేను వంటింట్లో టీ పెడుతుంటే అక్క లేచి వచ్చింది.

"బాగా పట్టిందా నిద్ర?" అన్నాను.

"నిద్రేంటే. అది దొంగ గురకని నాకు తెలీదా? అసలు గురకకు చివర్లో చిన్న ఈల ఉంటుంది."

"మరెందుకు పడుకున్నావు?"

"నేను కదిలితే ఇంకా గట్టిగా పెడతాడు. గొంతు పాడైపోదూ? కదలకుండా ఉంటే కాసేపటికి అలిసిపోయి పడుకుంటాడు. అప్పుడు లేచి చూసుకుంటా." నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకి చెప్పకే. నా మీదొట్టు."

సాయంత్రం బావ నన్ను గేటు దాకా సాగనంపాడు. ఆయన కళ్ళ కింద కూడా అక్కకున్నంత నలుపే ఉంది.

"చూశావా మరదలా! గుంటూరు డాక్టరు వల్ల కానిది నేను చేశాను. రోజూ మీ అక్కని నిద్రపుచ్చుతున్నాను. దానికి మాత్రం చెప్పకు, నీకు పుణ్యముంటుంది. ఏం, బాగానే నిద్రపోతోందంటావా?"

ఏం చెప్పను? ఇద్దరూ చెప్పొద్దన్నవాళ్ళే.

"బాగా నిద్రపోతోంది బావా" అన్నాను.

బావ పెద్దగా నవ్వబోయాడు. దగ్గు తెర వచ్చింది. లోపల గ్లాసు కింద పడ్డ చప్పుడు. అక్క చెప్పుల్లేకుండా గేటు దాకా పరుగెత్తుకొచ్చింది.

"పిలిచారా?" అంది.